నివర్ రాత్రి ఇచ్చిన తాళంచెవి

2020 నవంబరు 25, బుధవారం. నివర్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటబోతోందని పొద్దుటి నుంచి టీవీల్లో అదే వార్త. నెల్లూరు జిల్లా పడమటి మెట్ట మొత్తం మబ్బు కమ్మేసి ఉంది. ఉదయగిరిలో దుర్గం పైభాగం కనపడటం లేదు. ఊళ్లో ఒక మిద్దె ఇంటి ముందుగదిలో, కుట్టుమిషన్ పక్కకు జరిపి వేసిన టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒకామె పనిచేసుకుంటోంది. ఉద్యోగం బెంగళూరులో. మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నెట్ సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ మీద నడుస్తోంది. కరెంటు పోతే ఇన్వర్టర్ రెండు గంటలు లాక్కొస్తుంది.

ఫోన్‌లో అవతల ఆత్మకూరు నుంచి ఒక కుర్రాడు. అదే కంపెనీలో, ఆమె జట్టులోనే కొత్తగా చేరాడు. ఆఫీసు గడప ఇంకా తొక్కలేదు. మొదటిరోజు ‘మేడమ్’ అని పిలిచాడు. యాస వినగానే ఆమెకు అర్థమైపోయింది.

“యాడబ్బాయ్ మీది?”

“ఆత్మకూరు మేడమ్.”

“నాది ఉదయగిరి. ఇంక మేడమ్ ఏంది, అక్కా అను.”

వీళ్ల గురించి ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ ఇద్దరూ ఫలానా ఇంటివాళ్లు అని వెతకొద్దు. ఆ ఏడాది ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, మర్రిపాడు ఇళ్లలో కూర్చుని అమెరికా కంపెనీల కంప్యూటర్లు నడిపిన పిల్లలు ఎందరో. వాళ్ల పోలికలన్నీ కలిపి నేను నిలబెట్టిన మనుషులు వీళ్లు. ఆ రాత్రి జరిగిన సంఘటన మాత్రం అక్షరాలా నిజం. ఇక్కడ చెప్పే వేళలూ కారణాలూ అమెజాన్ తర్వాత తనే బయటపెట్టిన వివరణలోవి. మన గడియారానికి మార్చి రాశాను.

సాయంత్రం నాలుగు దాటింది. ఆరోజు వాళ్ల పని ఒక్కటే. ఆ కుర్రాడి లాప్‌టాప్ నుంచి కంపెనీ కంటైనర్లకు దారి వెయ్యాలి.

కంటైనర్ అంటే ఏమిటో క్లుప్తంగా చెప్తాను. ఒక ప్రోగ్రామ్ నడవాలంటే దానికి కావలసిన లైబ్రరీలు, సెట్టింగులు బోలెడు ఉంటాయి. వాటన్నిటినీ ప్రోగ్రామ్‌తో కలిపి ఒకే ముద్దగా కట్టేస్తే, ఏ యంత్రం మీద పెట్టినా ఒకేలా నడుస్తుంది. 2013లో డాకర్ వచ్చి ఈ పద్ధతిని అందరికీ అందుబాటులోకి తెచ్చింది. వందల కంటైనర్లు ఏ యంత్రం మీద నడవాలి, ఒకటి చచ్చిపోతే ఇంకొకటి ఎప్పుడు లేవాలి అన్నది చూసుకునే కుబర్నెటీస్‌ను 2014లో గూగుల్ బయటపెట్టింది. దాన్నే అద్దెకిచ్చే సేవను అమెజాన్ 2018 జూన్‌లో ఈకేఎస్ పేరుతో అందరికీ తెరిచింది. వాళ్ల కంపెనీ యంత్రాలు, అంటే క్లస్టర్ అనే గుంపు, ఉండేది ఉత్తర వర్జీనియాలో. ఉదయగిరి నుంచి వాటిని పలకరించాలంటే నల్లటి తెర మీద ఒక్కో లైనూ టైపు చెయ్యాలి. ఆ పలకరించే పనిముట్టు పేరు క్యూబ్‌సీటీఎల్.

కుర్రాడు హుషారుగా దాన్ని ఇన్‌స్టాల్ చేసి మొదటి కమాండ్ కొట్టాడు. ‘గెట్ పాడ్స్’. అంటే నడుస్తున్న కంటైనర్ల జాబితా చూపించమని.

“అక్కా, ఏదో లోకల్‌హోస్ట్ 8080 అంటా ఉంది. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంట.”

“యాడికి పోవాలో దానికి నువ్వింకా చెప్పలా కదబ్బా. అడ్రస్ ఇయ్యకపోతే అది నీ లాప్‌టాప్‌లోనే ఎతుక్కుంటాది. ముందు అమెజాన్‌కి నువ్వెవరో చెప్పాల. ఆ తర్వాత క్లస్టర్ అడ్రస్. ఆ తర్వాత లోపలికి రానియ్యమని అడగటం. మూడూ మూడు పనులు. కలిపెయ్యబాక.”

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కమాండ్లు బట్టీ పడతారు గానీ ఎర్రగా వచ్చిన లైను ఈ మూడు గడపల్లో దేని దగ్గర ఆపిందో చూడరు. ఆమె ఆ కుర్రాడికి నేర్పినట్టు ఎవరైనా నేర్పితే సగం రాత్రుళ్లు మిగులుతాయి.

సరిగ్గా ఈ మాటలు నడుస్తున్న వేళకు, 4 గంటల 14 నిమిషాలకు, వర్జీనియాలో ఇంకో పని మొదలైంది. అక్కడ ఇంకా తెల్లవారలేదు. అమెజాన్‌లో కైనెసిస్ అనే సేవ ఉంది. అనేక సేవల నుంచి ఎడతెగకుండా వచ్చే సమాచారాన్ని అందుకుని ముందుకు పంపడం దాని పని. దాని ముందువరసలో వేల సర్వర్లున్నాయి. ఆ వరసకి మరికొన్ని చేర్చడం మొదలుపెట్టారు. మామూలుగా జరిగేదే. 5 గంటల 17 నిమిషాలకు చేర్చడం పూర్తయింది.

ఆత్మకూరులో కుర్రాడు అమెజాన్ పేజీలో తన పేరిట యాక్సెస్ కీ తయారు చేసుకున్నాడు. దాంతోపాటు ఒక రహస్య కీ కూడా వస్తుంది. అది తెర మీద ఒక్కసారే కనపడుతుంది. పేజీ మూశాక అమెజాన్‌నే అడిగినా మళ్లీ చూపించదు.

“అక్కా, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమంటారా? సరిగ్గా ఉందో లేదో చూద్దురు.”

“వద్దు. నాకు గూడా చూపించబాక.”

“మీక్కూడానా?”

“నాకు గూడానే. ఆ కీ ఎవురి చేతిలో ఉంటే వాళ్లే నువ్వు. వాళ్లేం చేసినా నీ పేరే పడతాది.”

ఆమె గొంతులో ఒక్కసారిగా వచ్చిన ఆ కరకుతనానికి కారణముంది. 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే కంపెనీ అమెజాన్ కంట్రోల్ ప్యానెల్ ఎవరి చేతిలోనో పడింది. డబ్బు అడిగారు. ప్యానెల్‌ను వెనక్కి లాక్కోబోతే సర్వర్లు, నిల్వ ఉంచిన డేటా, బ్యాకప్‌లు చెరిపేస్తూ పోయారు. పన్నెండు గంటల్లో కంపెనీ కథ ముగిసింది. 2018 ఫిబ్రవరిలో టెస్లా విషయం బయటికొచ్చింది. కుబర్నెటీస్‌ను నడిపే పేజీకి పాస్‌వర్డే పెట్టలేదు. అందులోంచి దూరినవాళ్లకు అమెజాన్ కీలు కూడా దొరికాయి. ఆ యంత్రాల మీద వాళ్లు క్రిప్టో నాణేలు తవ్వుకున్నారు. టెస్లా అంత కంపెనీకే ఇలా అయిందంటే, ఊళ్లో నాన్న కార్డు మీద క్లౌడ్ ఖాతా తెరిచి నేర్చుకునే పిల్లవాడి కీ పోతే వచ్చే బిల్లు ఎవరు కడతారు? నన్ను నిజంగా భయపెట్టేది ఇదే. అందరికీ కనపడేలా గిట్‌హబ్‌లో పెట్టిన ప్రోగ్రామ్‌లో కీ మర్చిపోతే, దాన్ని పసిగట్టడానికే తిరిగే ప్రోగ్రాములున్నాయి. నిమిషాల్లో పట్టేస్తాయి.

కుర్రాడు కీలు టైపు చేశాడు. ప్రాంతం ఏదని అడిగితే ఉత్తర వర్జీనియా పేరు ఇచ్చాడు. తర్వాత ఆమె చెప్పిన కమాండ్ కొట్టాడు. నేను ఎవరినో చెప్పమని అమెజాన్‌ను అడిగే కమాండ్ అది. ఏ కొత్త లాప్‌టాప్ మీదైనా ముందు ఇదే కొట్టాలని ఆమె పట్టుదల.

మళ్లీ ఎర్ర లైను. సంతకం గడువు తీరిందట.

“ఇప్పుడే గదక్కా చేసింది, అప్పుడే గడువు తీరడమేంది?”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. “నీ లాప్‌టాప్‌లో టైమెంత?”

“నాలుగూ యాభై.”

“గోడ గడియారం జూడు.”

“అయిదూ పది... అక్కా, ఇరవై నిమిషాలు ఎనకుంది. బ్యాటరీ పోయినప్పటి నుంచీ ఇట్టానే.”

అమెజాన్‌కు పోయే ప్రతి అభ్యర్థన మీదా, పంపిన వేళను కలిపి కీతో వేసిన ఒక సంతకం ఉంటుంది. ఆ వేళకూ అసలు వేళకూ కొన్ని నిమిషాల కన్నా ఎక్కువ తేడా వస్తే తోసిపుచ్చుతుంది. దారిలో ఎవరో పట్టుకున్న పాత అభ్యర్థనను మళ్లీ వాడకుండా పెట్టిన కట్టడి అది. పాస్‌వర్డ్ తప్పయితే తెలుస్తుంది, స్పెల్లింగు తప్పయితే తెలుస్తుంది. గడియారం తప్పని తట్టాలంటే ఒకసారి దెబ్బ తిని ఉండాలి. టైము సరిచేశాక కమాండ్ పలికింది. మూడు లైన్లు. చివరి లైన్లో కుర్రాడి పేరు. దాన్ని చూసి అతను పైకే చదివాడు.

తర్వాత క్లస్టర్ అడ్రస్ తెచ్చుకునే కమాండ్. అది లాప్‌టాప్‌లో ఒక చిన్న ఫైలు రాసిపెడుతుంది. క్లస్టర్ చిరునామా, దాని సర్టిఫికెట్, టోకెన్ ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలన్న సూచన అందులో ఉంటాయి. పాస్‌వర్డ్ ఉండదు. అడిగినప్పుడల్లా పావుగంట లోపే కాలం తీరే టోకెన్ కొత్తగా పుడుతుంది. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన సంగతి ఇది. దొంగకు దొరికినా దాని ఆయుష్షు అంతే.

‘గెట్ పాడ్స్’ మళ్లీ కొట్టాడు. ఈసారి వచ్చింది అన్ఆథరైజ్డ్.

“మంచిది” అంది ఆమె.

“మంచిదేందక్కా?”

“గేటు దాకా వచ్చినావు. నువ్వెవరో దానికి తెలిసింది. నిన్ను రానియ్యమని మేమింకా చెప్పలా.”

అప్పట్లో ఈకేఎస్ క్లస్టర్‌లోకి దాన్ని తయారు చేసిన మనిషికే తొలి ప్రవేశం. మిగతావాళ్ల పేర్లు లోపల ఒక పట్టికలో చేర్చాలి. ఆమె పట్టిక తెరిచింది. ఇక్కడ ఆమె ముందు రెండు దారులున్నాయి. కుర్రాణ్ని అందరికన్నా పై అధికారం ఉన్న గుంపులో పడేస్తే ఒక్క లైనుతో పని అయిపోతుంది. తొందరలో చాలా చోట్ల జరిగేది అదే. ఆమె అలా చెయ్యలేదు. చూడటానికి మాత్రమే వీలున్న ‘వ్యూ’ అనే పాత్రకు అతని పేరు కట్టింది. కంటైనర్లు చూడొచ్చు, లాగ్‌లు చదవొచ్చు. చెరపడం, మార్చడం కుదరదు. క్లస్టర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు కూడా కనపడవు.

ఆమె ఇంటి కిటికీలోంచి రోజూ కనిపించే దుర్గం చరిత్ర ఈ సంగతికి దగ్గరగా ఉంటుంది. 1513లో గజపతుల చేతిలోంచి ఉదయగిరిని తీసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు దండెత్తి వస్తే, పైకి పోయే దారులు మరీ ఇరుకై సేన నడవలేకపోయింది. బండలు కొట్టించి, దారులు వెడల్పు చేయించాడని పోర్చుగీసు న్యూనిజ్ రాశాడు. ముట్టడి ఏడాదిన్నర సాగింది. దారి ఇరుకుగా ఉన్నంతకాలమే దుర్గం దుర్గం. క్లస్టర్‌లో ఒక మనిషికి అవసరం లేని అధికారం ఇవ్వడమంటే, ఆ బండల్ని మనమే కొట్టిపెట్టడం.

ఏడు కావస్తుండగా ఆత్మకూరులో ‘గెట్ పాడ్స్’ పలికింది. తెర నిండా పేర్లు. ప్రతి పేరు పక్కనా ‘రన్నింగ్’, ‘రన్నింగ్’, ‘రన్నింగ్’.

“వచ్చిందక్కా!”

అవతల వాళ్లమ్మ ఎవరొచ్చారని అడగటం ఉదయగిరికి వినిపించింది.

ఆ ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. 6 గంటల 45 నిమిషాల నుంచే అమెజాన్‌లో అలారాలు మోగుతున్నాయి. వాళ్ల కంపెనీ తెర మీద గ్రాఫులు ముందుకు కదలడం మానేశాయి. కంటైనర్లు నడుస్తూనే ఉన్నాయి. వాటి ఆరోగ్యం చెప్పే క్లౌడ్‌వాచ్‌కు సమాచారం అందడం లేదు. కాసేపటికి వినియోగదారులు లాగిన్ కాలేకపోతున్నామని మొత్తుకోవడం మొదలైంది. కాగ్నిటో అనే లాగిన్ సేవ కూడా కైనెసిస్‌కు సమాచారం పంపేదే. అది అందక మూలుగుతోంది.

జట్టు అంతా ఒకే కాల్‌లోకి వచ్చారు. పై మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న, అలాంటప్పుడు ఎవరైనా అడిగేదే: ఈ గంటలో ఎవరన్నా ఏమన్నా మార్చారా?

ఎవరూ మాట్లాడలేదు. ఆమె సెల్‌ఫోన్ మోగింది. ఆత్మకూరు.

“అక్కా... నేను కమాండ్ కొట్టిన తర్వాతే గదా ఇదంతా. నేనేమన్నా చెడగొట్టినానా?”

అతని గొంతు ఎండిపోయి ఉంది. ఉద్యోగం వచ్చి నెల కూడా కాలేదు. ఆ మాట అడగడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. అధికారం ఎక్కువ చేతికొచ్చిన కొత్తవాళ్లు ఇలాంటప్పుడు నోరు మెదపరు. తప్పు తమదేనేమోనన్న భయంతో కొట్టిన కమాండ్ల చరిత్ర చెరిపేసినవాళ్లూ ఉంటారు. అప్పుడిక అసలు కారణం ఎవరికీ దొరకదు.

“నీ తెర అందరికీ షేర్ చెయ్. నేను చెప్పింది కొట్టు. క్యూబ్‌సీటీఎల్, ఆథ్, కెన్ ఐ, డిలీట్, పాడ్స్.”

నేను కంటైనర్లు చెరపగలనా అని క్లస్టర్‌నే అడిగే ప్రశ్న అది. కుర్రాడు కొట్టాడు. జవాబు ఒక్క మాట. నో.

“డిలీట్ తీసి క్రియేట్ పెట్టు.”

నో.

“అప్‌డేట్.”

నో.

“చూడబ్బాయ్, నీకు చూసే అధికారమే ఇచ్చినా. చెడగొట్టాలన్నా చెడగొట్టలేవు. ఊపిరి పీల్చుకో.”

కాల్‌లో ఉన్నవాళ్లంతా ఆ మూడు నోలూ చూశారు. కుర్రాడి మీద విచారణ అక్కడితో ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆమె ఆ పట్టికలో తొందరపడి ఇంకో లైను రాసి ఉంటే, రాత్రంతా పదిమంది ఒక పిల్లవాడు కొట్టిన కమాండ్ల చుట్టూ తిరిగేవాళ్లు. తక్కువ అధికారం ఇవ్వడమంటే నమ్మకం లేకపోవడమని కొందరు నొచ్చుకుంటారు. ఆ అబ్బాయికి అదే రక్షణ అయింది.

ఎవరో ఒకరు, పాత యంత్రాలు తీసేసి కొత్తవి లేపుదామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. “ఉన్నవి నడుస్తా ఉండాయి. కొత్తవి వస్తాయో రావో తెలీదు. ఉన్నవాటిని కదిలించొద్దు.” ఆమె చెప్పిందే నిజమైంది. ఆ రాత్రి ఈకేఎస్‌లో కొత్త క్లస్టర్లు పుట్టించడానికి ఆటంకాలు వచ్చాయి. ఉన్నవాటిని పెంచడం ఆలస్యమైంది. ఆ పనుల్ని నడిపే అంతర్గత సేవ కైనెసిస్ మీదే ఆధారపడి ఉంది మరి. కమాండ్ చేతిలో ఉన్నప్పుడు కొట్టకుండా ఆగడం కూడా ఈ పనిలో ఒక నేర్పు.

వర్జీనియా ప్రాంతంలో అప్పటికే ఎన్నో పెద్ద పేర్లు ఇబ్బంది పడుతున్నాయి. రోకు, అడోబీ, ఇళ్లలో చెత్త ఊడ్చే రోబోలు చేసే ఐరోబోట్. అమెజాన్ తన సేవల పరిస్థితి చెప్పే పేజీని కూడా సకాలంలో సరిచేయలేకపోయింది. ఆ పేజీలో రాసే పనిముట్టు లోపలికి పోవాలంటే కాగ్నిటో లాగిన్ కావాలి. ఆ కాగ్నిటోనే పడిపోయింది. చేత్తో రాసే ఇంకో మార్గం ఉంది గానీ, అది సిబ్బందికి అంతగా అలవాటు లేదు. అంత పెద్ద సంస్థకే తన గదిలోకి తనకు దారి లేకుండా పోయింది. తాళం లోపల తాళం పెట్టే ప్రతి జట్టూ దీన్ని గుర్తుపెట్టుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. మామూలు లాగిన్ చచ్చిపోయిన రోజుకి పనికొచ్చే రెండో దారి ఒకటుండాలి, దాన్ని అప్పుడప్పుడూ నడిచి చూసుకోవాలి.

రాత్రి 11 గంటల 9 నిమిషాలకు అసలు కారణం తేలింది. కైనెసిస్ ముందువరసలో ప్రతి సర్వరూ మిగతా ప్రతి సర్వర్‌తోనూ మాట్లాడటానికి ఒక్కో థ్రెడ్ తెరిచి ఉంచుతుంది. సాయంత్రం కొత్తవి చేరేసరికి అన్ని సర్వర్లలోనూ ఒకేసారి ఆ లెక్క పెరిగింది. ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతించే హద్దు దాటిపోయింది. ఇక ఏ అభ్యర్థనను ఎటు పంపాలో చెప్పే పట్టిక ఏ సర్వరూ పూర్తిగా తయారుచేసుకోలేకపోయింది. మెమరీ చాలకపోవడం వల్లేమోనని వాళ్లు మొదట అనుమానించారు. హద్దు పెంచేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. పరీక్షించకుండా పెంచడం ఇష్టం లేక, చేర్చినవి తీసేసి అన్నిటినీ మళ్లీ మొదలుపెట్టారు. ఒకేసారి లేపితే మళ్లీ కూలతాయి. అందుకని గంటకు కొన్ని వందల చొప్పున.

మొదటి గుంపు 11 గంటల 37 నిమిషాలకు పని అందుకుంది. ఇంచుమించు అదే వేళకు నివర్ పుదుచ్చేరికి ఉత్తరంగా తీరం తాకడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున రెండున్నర దాకా దాటుతూనే ఉంది. ఉదయగిరిలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అయిపోయాక ఆమె లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపుతూ, తెర వెలుగు తగ్గించి కూర్చుంది. ఆత్మకూరులో కుర్రాడు నిద్రపోలేదు. చూసే అధికారం ఉంది కాబట్టి అరగంటకోసారి జాబితా చూసి గ్రూపులో పెడుతూ వచ్చాడు. మిగతావాళ్ల గ్రాఫులు ఖాళీగా ఉన్న ఆ రాత్రి, జట్టుకు కళ్లు అతనే అయ్యాడు.

గురువారం పొద్దున ఐదూ ముప్పావు కల్లా ఈకేఎస్ ఇబ్బందులు చాలామటుకు తొలగిపోయాయి. కైనెసిస్ పూర్తిగా కోలుకునేసరికి మధ్యాహ్నం 12 కావొచ్చింది. అప్పటికి నెల్లూరు జిల్లా అంతా వాన దంచికొడుతోంది. తర్వాతి రోజుల్లో సోమశిల గేట్లు ఎత్తారు, పెన్నాకు వరద వచ్చింది.

  2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతం తెరిచింది. ఇప్పుడు మెట్టలో కూర్చున్న పిల్లవాడు ప్రాంతం పేరు దగ్గర వర్జీనియాకు బదులు హైదరాబాద్ ఇవ్వొచ్చు. అధికారాల పట్టికను క్లస్టర్ లోపల చేత్తో దిద్దనక్కర్లేని పద్ధతి కూడా 2023 చివర్లో వచ్చింది. దాటాల్సిన మూడు గడపలు మాత్రం అవే.

ఆ గురువారం మధ్యాహ్నం, కరెంటు వచ్చాక, కుర్రాడు ఫోన్ చేశాడు.

“అక్కా, ఇప్పుడన్నా డిలీట్ ఇస్తారా?”

“ఏం చేస్తావు దాంతో?”

“నేర్చుకోవాల గదక్కా.”

ఆమె కాసేపు ఆలోచించి పట్టిక తెరిచింది. “క్లస్టర్‌లో విడిగా గీసిన ఒక్క టెస్ట్ నేమ్‌స్పేస్‌కి ఇస్తా ఉండా. దాని బయట నీకు ఎప్పట్లాగే నో. అందులో మాత్రం ఎన్ని పగలగొట్టుకుంటావో పగలగొట్టుకో. మళ్లీ నిలబెట్టేది గూడా నువ్వే.”